ఓడల నిర్మాణంలో వెల్డింగ్, కటింగ్ పనుల భద్రత: పర్మిట్ కాగితంతో తీరని బాధ్యత

విశాఖపట్నం: దేశంలో ఓడల నిర్మాణ రంగం చాలా కాలం తర్వాత విస్తరణ దశలో ప్రవేశించినది. ఓడల నిర్మాణం, సముద్ర రవాణా రంగాల పునరుద్ధరణకు 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీని కేంద్ర మంత్రివర్గం 2025 సెప్టెంబర్ 24న ఆమోదించినది. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ భారత నౌకాదళం కోసం 5 ఫ్లీట్ సపోర్ట్ నౌకలను నిర్మించేందుకు 2023 ఆగస్టులో సుమారు 19,000 కోట్ల రూపాయల విలువైన ఒప్పందం కుదుర్చుకున్నది. ఆ యార్డులోనే నిర్మాణమైన డైవింగ్ సపోర్ట్ నౌక ‘నిస్తార్’ 2025 జూలైలో నౌకాదళంలో చేరినది. 1941లో సింధియా సంస్థ ఆధ్వర్యంలో శంకుస్థాపన జరిగి, 1948లో ‘జల ఉష’ నౌకను నీటిలోకి దింపిన ఈ యార్డుకు ఇది మరొక ముఖ్య ఘట్టం.

ఓడ అనగా ఉక్కు ప్లేట్లను కోసి, వంచి, అతికించి తయారు చేసిన నిర్మాణం. కొత్త ఓడ పని కటింగ్‌తో మొదలై వెల్డింగ్‌తో పూర్తవుతుంది. పాత ఓడ మరమ్మతు సైతం చెడిన ప్లేటును కోసి తీయడంతోనే మొదలవుతుంది. వెల్డింగ్, గ్యాస్ కటింగ్, గ్రైండింగ్ వంటి నిప్పు పుట్టించే పనులన్నింటినీ కలిపి యార్డులలో ‘హాట్ వర్క్’ అని వ్యవహరిస్తారు. ఆర్డర్లు పెరిగినప్పుడు ఈ పనుల సంఖ్య, వాటిలో పాల్గొనే కార్మికుల సంఖ్య, ఒకే ఓడలో ఒకే సమయంలో పనిచేసే కాంట్రాక్టు బృందాల సంఖ్య కూడా పెరుగుతాయి. కాబట్టి ఈ పనుల భద్రతను ఉత్పత్తి లక్ష్యాలతో సమానంగా పరిశీలించవలసిన అవసరం ఏర్పడినది.

ఈ పనిలో నిప్పురవ్వను నివారించడం సాధ్యం కాదు. అది పనిలో భాగమే. రవ్వ చేరే చోట ఏమున్నదో ముందుగా చూసినారా లేదా అన్నదే ప్రశ్న. ప్రపంచంలో వివిధ దేశాల యార్డులలో జరిగిన పెద్ద ప్రమాదాలను పరిశీలించినట్లయితే, లోపం చాలా సందర్భాలలో టార్చి పట్టిన చేతిలో కాక, అంతకు ముందు ఎవరూ చూడని చోట ఉన్నట్లు స్పష్టమవుతుంది.

మూసి ఉన్న చోట వాయువు స్వభావం

ఓడలోని పని ఆరుబయట జరిగే పని వంటిది కాదు. బల్లాస్ట్ ట్యాంకులు, ఇంధన ట్యాంకులు, డబుల్ బాటమ్ గదులు, పంపు గదులు ఇరుకైనవి. లోపలికి పోవడానికి, బయటకు రావడానికి తరచు ఒకే మ్యాన్‌హోల్ ఉంటుంది. గాలి దానంతట అది ఆడదు. ఇటువంటి చోట వాయువు చేరినచో పోయే దారి ఉండదు.

గ్యాస్ కటింగ్‌కు వాడే ఎసిటిలీన్ గాలిలో సుమారు 2.5 శాతం చేరినంతనే మండగల మిశ్రమంగా మారుతుంది. 100 ఘనమీటర్ల గదిలో ఈ స్థితి రావడానికి కేవలం 2.5 ఘనమీటర్ల వాయువు చాలును. ఒక సాధారణ ఎసిటిలీన్ సిలిండరులో దీనికి దాదాపు రెండింతల వాయువు ఉంటుంది. సరిగా మూయని వాల్వు గానీ, పగిలిన హోస్ పైపు గానీ ఒక రాత్రిలో ఆ గదిని ప్రమాద స్థలంగా మార్చగలదు. ఎల్.పి.జి. వాడిన చోట మరొక ఇబ్బంది ఉన్నది. అది గాలి కంటే బరువైనది కనుక ట్యాంకు అడుగున నిలిచిపోతుంది. పైభాగంలో మాత్రమే పరీక్ష చేసినట్లయితే దాని జాడ తెలియకపోవచ్చును.

ఆక్సిజన్ మండే వాయువు కాకపోయినా, గాలిలో దాని శాతం సాధారణ స్థాయి అయిన 21 కంటే పెరిగినప్పుడు బట్టలు, జుట్టు సైతం వేగంగా అంటుకుంటాయి. ఉక్కపోతగా ఉన్న ట్యాంకులో చల్లదనం కోసం, లేదా బట్టల మీది దుమ్ము దులపడానికి ఆక్సిజన్ హోస్‌ను వాడే అలవాటు ప్రాణాంతకమైనది. నూనె, గ్రీజు అంటిన చేతులతో ఆక్సిజన్ రెగ్యులేటర్‌ను ముట్టరాదన్న నియమానికి కూడా కారణం ఇదే. మరోవైపు వెల్డింగ్‌లో రక్షణ వాయువులుగా వాడే ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనవి. ఇవి అడుగున చేరి ప్రాణవాయువును తొలగిస్తాయి. ఆర్గాన్‌కు రంగు గానీ వాసన గానీ లేనందున కార్మికుడికి ముందస్తు హెచ్చరిక అందదు.

విద్యుత్ వెల్డింగ్‌లో షాక్ ప్రమాదం కూడా ఇరుకు చోట్లలోనే ఎక్కువ. విశాఖపట్నం వంటి తీర నగరంలో వేసవి ఉక్కకు కార్మికుని బట్టలు, చేతి తొడుగులు చెమటతో తడిసిపోతాయి. చుట్టూ ఉన్నది ఉక్కు. ఈ పరిస్థితిలో, మామూలు చోట అపాయం కాని వోల్టేజి కూడా అపాయకరంగా మారుతుంది.

నాలుగు ప్రమాదాలు, ఒకే పాఠం

1942 ఫిబ్రవరి 9న అమెరికాలోని న్యూయార్క్ రేవులో, సైనిక రవాణా నౌకగా మారుస్తున్న ‘నార్మండీ’ అనే సుమారు 83 వేల టన్నుల ఫ్రెంచి ప్రయాణికుల ఓడలో ఒక లోహ స్తంభాన్ని కోస్తుండగా రవ్వలు లేచినవి. ఆ పక్కనే పేర్చి ఉన్న లైఫ్ జాకెట్ల గుట్ట అంటుకున్నది. మార్పుల పనుల వలన ఓడలోని అగ్నిమాపక నీటి వ్యవస్థ పనిచేసే స్థితిలో లేదు. బయట నుండి పోసిన నీటి బరువుకు ఓడ ఒక పక్కకు ఒరిగి, మరునాటి తెల్లవారు జామున రేవులోనే పడిపోయినది. మండే సామగ్రిని తొలగించకపోవడం, మంటలార్పే వ్యవస్థ పనిచేయకుండానే పని ప్రారంభించడం ఈ నష్టానికి దారి తీసినవి.

2002 అక్టోబర్ 1న జపాన్‌లోని నాగసాకి యార్డులో నిర్మాణంలో ఉన్న ‘డైమండ్ ప్రిన్సెస్’ అనే ప్రయాణికుల ఓడలో మంటలు చెలరేగి చాలా భాగం దగ్ధమైనది. ఉక్కు ప్లేటుకు ఒకవైపు చేసిన వెల్డింగ్ వేడి ప్లేటు గుండా రెండోవైపు గదిలోని సామగ్రికి చేరినందున మంట పుట్టినది. వెల్డర్ నిలబడిన చోట మంట లేదు. అతనికి కనిపించని చోట ఉన్నది. పెద్ద ఓడలో ప్లేటుకు ఆవలివైపు పోవాలంటే కొన్నిసార్లు రెండు మూడు మెట్లదారులు దాటి పోవాలి. ‘అవతలి వైపు ఎవరున్నారు, ఏమున్నది’ అన్న ప్రశ్నను పని మొదలు పెట్టక ముందే వేయవలసిన అవసరాన్ని ఈ సంఘటన తెలియజేస్తున్నది.

2017 ఆగస్టు 20న దక్షిణ కొరియాలోని చాంగ్‌వాన్ యార్డులో నిర్మాణంలో ఉన్న ట్యాంకర్ ఓడలో, చమురు ట్యాంకు లోపల రంగులు వేస్తుండగా పేలుడు సంభవించి నలుగురు కార్మికులు మరణించినారు. వారందరూ ఉప కాంట్రాక్టు సంస్థ కార్మికులు. ఇది వెల్డింగ్ ప్రమాదం కాదు. అయినప్పటికీ, రంగులలోని ద్రావకాల ఆవిరి మూసి ఉన్న ట్యాంకును ఎటువంటి స్థితికి తెస్తుందో ఇది చూపినది. ఆ ఆవిరి పూర్తిగా తొలగక ముందే పక్క గదిలోకి వెల్డర్‌ను పంపడం ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి ఊహించవచ్చును.

2018 ఫిబ్రవరి 13న కొచ్చి షిప్‌యార్డ్‌లో మరమ్మతుల కోసం డ్రై డాక్‌లో ఉన్న ఓ.ఎన్.జి.సి. డ్రిల్లింగ్ నౌక ‘సాగర్ భూషణ్’లో పేలుడు సంభవించి ఐదుగురు మరణించినారు. దర్యాప్తు దృష్టి గ్యాస్ కటింగ్‌కు వాడే ఎసిటిలీన్ లీకేజీ పైనే నిలిచినది. ఆ ఉదయం కార్మికులు పనిలోకి దిగే సమయంలో ప్రమాదం జరిగినది. ఒక పూట పని ముగిసి మరొక పూట పని మొదలయ్యే మధ్య కాలంలో ఎవరి పర్యవేక్షణా లేని హోస్ పైపు ఎంత ప్రమాదకరమో భారతీయ యార్డులకు ఈ సంఘటన నేర్పినది.

నాలుగు సంఘటనలు నాలుగు దేశాలలో, నాలుగు రకాల ఓడలలో జరిగినవి. పని చేసే చోటికి, దాని పరిసరాలకు మధ్య ఉన్న సంబంధాన్ని తనిఖీ చేసే బాధ్యత ఎవరి చేతిలోనూ స్థిరంగా లేకపోవడమే వాటన్నింటిలోనూ కనిపించే ముప్పు.

చట్టం ఏమి నిర్దేశించినది

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఈ విషయంపై స్పష్టమైన నిబంధనలు ఉన్నవి. పేలుడు పదార్థం గానీ మండే పదార్థం గానీ ఉన్న, లేదా ఒకప్పుడు ఉండిన ట్యాంకుపై, ఆ పదార్థాన్ని, దాని ఆవిరిని తొలగించే లేదా మండని స్థితికి తెచ్చే చర్యలు తీసుకోకుండా వెల్డింగ్, కటింగ్ చేయరాదని ఆ చట్టంలోని 37వ సెక్షన్ నిషేధించినది. పని పూర్తయిన తర్వాత లోహం తగినంత చల్లబడే వరకు మండే పదార్థాన్ని తిరిగి అందులోకి పంపరాదని కూడా పేర్కొన్నది. ట్యాంకులు, గదులలోకి ప్రవేశంపై 36వ సెక్షన్ ఆంక్షలు విధించగా, అటువంటి చోట్ల చేతిదీపాల వోల్టేజి 24 వోల్టులకు మించరాదని 36-ఎ సెక్షన్ సూచించినది.

2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 ఆ చట్టం స్థానాన్ని తీసుకున్నది. పని ప్రదేశాన్ని ప్రమాద కారకాలు లేకుండా ఉంచే బాధ్యతను ఈ కోడ్ యజమానిపై ఉంచినది. 500 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న కర్మాగారాలలో, ప్రమాదకర ప్రక్రియలు సాగే చోట 250 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న కర్మాగారాలలో భద్రతాధికారుల నియామకాన్ని తప్పనిసరి చేసినది. పాత నియమాలు కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు కొనసాగే ఏర్పాటు కూడా ఉన్నది. చట్టం పేరు మారినా 37వ సెక్షన్ వెనుక గల సూత్రం మారలేదు. ఖాళీ ట్యాంకును సురక్షితమైన ట్యాంకుగా భావించరాదన్నదే ఆ సూత్రం.

సాంకేతిక వివరాల విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐ.ఎస్. 818, ఐ.ఎస్. 3016 ప్రమాణాలు మార్గదర్శకాలుగా ఉన్నవి. మొదటిది విద్యుత్, గ్యాస్ వెల్డింగ్ పనులలో భద్రత, ఆరోగ్యాలకు సంబంధించినది. రెండవది ఆ పనులలో అగ్ని నివారణ జాగ్రత్తలకు సంబంధించినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఓడల నిర్మాణం, మరమ్మతులలో భద్రతపై 1974లో వెలువరించిన నియమావళి 2018లో సవరించబడినది.

ఓడల విచ్ఛేదన పరిశ్రమలో ఈ సమస్య మరింత తీవ్రమైనది. గుజరాత్‌లోని అలంగ్‌లో 2014 జూన్ 28న ఒక ఓడలో జరిగిన పేలుడులో ఐదుగురు, పాకిస్తాన్‌లోని గడానీలో 2016 నవంబర్ 1న చమురు ట్యాంకర్‌లో చెలరేగిన మంటలలో కనీసం 26 మంది మరణించినారు. భారత పార్లమెంటు 2019లో ఓడల రీసైక్లింగ్ చట్టాన్ని ఆమోదించినది. 2025 జూన్ 26న అమలులోకి వచ్చిన హాంకాంగ్ ఒప్పందం ‘ప్రవేశానికి సురక్షితం’, ‘హాట్ వర్క్‌కు సురక్షితం’ అన్న రెండు స్థితులను వేర్వేరుగా నిర్వచించినది. ఈ తేడా ముఖ్యమైనది. మనిషి ఊపిరి పీల్చగల గది అంతమాత్రాన టార్చి వెలిగించదగిన గది కానవసరం లేదు.

పర్మిట్ ఎక్కడ విఫలమవుతున్నది

హాట్ వర్క్ పర్మిట్ విధానం పెద్ద యార్డులన్నింటిలోనూ ఉన్నది. పని స్థలం, సమయం, వాయు పరీక్ష ఫలితం, తీసుకున్న జాగ్రత్తలు, బాధ్యుల సంతకాలు అందులో ఉంటాయి. ఆ సంతకం ఒక నిర్ణీత సమయానికి మాత్రమే సాక్ష్యం. ఉదయం 8 గంటలకు పరీక్షించిన ట్యాంకు మధ్యాహ్నం 2 గంటలకు అదే స్థితిలో ఉన్నదని ఆ కాగితం చెప్పజాలదు. భోజన విరామంలో పక్క గదిలో రంగు వేసి ఉండవచ్చును. ఎగ్జాస్ట్ బ్లోయర్ ఆగిపోయి ఉండవచ్చును. ఎండ వేడికి ట్యాంకు అడుగున మిగిలిన మడ్డి నుండి ఆవిరి లేచి ఉండవచ్చును.

అమెరికాలో షిప్‌యార్డుల కోసం 2004లో రూపొందించిన అగ్ని భద్రతా నిబంధనలు ఈ మధ్య కాలాన్నే దృష్టిలో ఉంచుకున్నవి. వాటి ప్రకారం, గాలి సరిగా ఆడని ఇరుకు చోట్లలో గ్యాస్ హోస్‌లను, టార్చిలను పర్యవేక్షణ లేకుండా వదలరాదు. ఇతర మూసి ఉన్న గదులలో 15 నిమిషాలకు మించి వదలరాదు. ప్రతి షిఫ్టు చివర హోస్‌లను సరఫరా మ్యానిఫోల్డ్ వద్దనే విడదీసి, ఆరుబయటకు చుట్టి తేవాలి. దీనికి ఖరీదైన యంత్రాలేవీ అవసరం లేదు. హోస్‌ను చుట్టే మనిషి, అతనికి ఇచ్చే 10 నిమిషాల సమయం ఉంటే చాలును. షిఫ్టు ముగిసే వేళ ఆ 10 నిమిషాలను పని సమయంగా లెక్కించని యార్డులో ఈ నియమం గోడ మీది రాతగానే మిగిలిపోతుంది.

వాయు పరీక్ష విషయంలోనూ వరుస క్రమం ఉన్నది. మొదట ఆక్సిజన్, తర్వాత మండే వాయువులు, ఆ తర్వాత విష వాయువులు పరీక్షించాలి. ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోట చాలా మీటర్లు మండే వాయువును సరిగా చూపలేకపోవడమే ఇందుకు కారణం. ట్యాంకు పైన, మధ్య, అడుగు భాగాలలో వేర్వేరుగా కొలవాలి. మండే వాయువు పేలుడు కనీస గాఢతలో 10 శాతానికి చేరినచో పని అనుమతించరాదన్నది విస్తృతంగా పాటిస్తున్న పరిమితి.

ఫైర్ వాచ్: చివరి రక్షణ

వెల్డింగ్ జరిగే చోట మంటను గమనించేందుకు ప్రత్యేకంగా నిలిపే వ్యక్తిని ‘ఫైర్ వాచ్’ అంటారు. రవ్వలు చాలా దూరం ఎగిరిపడగలవు కనుక సుమారు 35 అడుగుల పరిధిలో మండే వస్తువులను తొలగించాలన్నది అనేక ప్రమాణాలలో ఉన్న నియమం. తొలగించలేని వాటిని మంటకు తట్టుకునే దుప్పట్లతో కప్పాలి. కేబుల్ దారులు, పైపు రంధ్రాలు మూయాలి. ప్లేటుకు ఆవలివైపు రెండవ ఫైర్ వాచ్‌ను నిలపాలి.

పని ఆగిన తర్వాత కనీసం 30 నిమిషాలు ఫైర్ వాచ్ అక్కడే ఉండాలని పైన పేర్కొన్న నిబంధనలు చెబుతున్నవి. దూది, చెక్కపొట్టు, ఇన్సులేషన్ వంటివి వెంటనే మండక, లోలోపల రగిలి చాలా సేపటికి మంటగా మారడం దీనికి కారణం. ఆచరణలో మొదట కోతపడేది కూడా ఈ అరగంటకే. వెల్డర్ సహాయకుడినే ఫైర్ వాచ్‌గా చూపి, అతని చేత రాడ్లు మోయించడం, కేబుళ్లు లాగించడం పర్మిట్ స్ఫూర్తికి విరుద్ధం. ఫైర్ వాచ్‌కు ఆ సమయంలో వేరే పని ఉండరాదు. పనిని ఆపించే అధికారం ఉండాలి.

కాంట్రాక్టు కార్మికుడు, సమన్వయం

ఒక ఓడపై వెల్డింగ్ ఒక కాంట్రాక్టరు, రంగులు మరొక కాంట్రాక్టరు, విద్యుత్ పనులు ఇంకొక కాంట్రాక్టరు చేస్తుంటారు. ఎవరి పని వారు సరిగానే చేసినా, ఒకరి పని మరొకరికి ప్రమాదం కాగలదు. రోజూ ఉదయం అన్ని బృందాల బాధ్యులు కలిసి, ఏ గదిలో ఎవరు పనిచేస్తున్నారో ఓడ నమూనాపై గుర్తించే పద్ధతి ఈ లోపాన్ని పూరిస్తుంది. ఈ సమన్వయ బాధ్యత ఓడపై మొత్తం అధికారం గల యార్డుదే తప్ప కాంట్రాక్టర్లది కాజాలదు.

భాష మరొక అంశం. తీర ప్రాంత యార్డులలో తెలుగు కార్మికులతో పాటు ఒడిశా, బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుండి వచ్చిన వారు పనిచేస్తున్నారు. హెచ్చరిక బోర్డు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నట్లయితే దాని ప్రయోజనం పరిమితం. ఎర్ర హోస్ ఎసిటిలీన్‌కు, నీలి హోస్ ఆక్సిజన్‌కు అన్న రంగుల గుర్తింపు, ఇంధన వాయువు ఫిట్టింగులకు ఎడమ మర ఉండడం వంటి ఏర్పాట్లు భాషతో పనిలేకుండా కార్మికుని కాపాడతాయి. వైరు చుట్టి అతికించిన హోస్‌లు, ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ లేని రెగ్యులేటర్లు, పడుకోబెట్టిన ఎసిటిలీన్ సిలిండర్లు కనిపించిన యార్డులో కాగితాలు ఎంత చక్కగా ఉన్నా తనిఖీ అధికారి సంతృప్తి చెందరాదు.

పొగ కలిగించే నష్టం

పేలుళ్లు వార్తలకెక్కుతాయి. వెల్డింగ్ పొగ కలిగించే నష్టం వార్తలకెక్కదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చినది. జింకు పూత ఉన్న ఉక్కును వెల్డింగ్ చేసినప్పుడు వచ్చే పొగ వలన జ్వరం, ఒళ్లు నొప్పులు కలుగుతాయి. ఒకటి రెండు రోజులలో తగ్గిపోవడం వలన కార్మికులు దీనిని మామూలు జ్వరంగా భావిస్తారు. పొగ పుట్టిన చోటనే పీల్చివేసే ఎగ్జాస్ట్ ఏర్పాటు, తగిన శ్వాస రక్షణ పరికరాలు, ఏటా వైద్య పరీక్షలు ఇందుకు మార్గాలు. కార్మికులకు ఉచిత వార్షిక వైద్య పరీక్షల బాధ్యతను కొత్త కోడ్ యజమానులపై ఉంచినది. కాంట్రాక్టరు మారినప్పుడు ఆ రికార్డు కార్మికునితో పాటు కొనసాగకపోతే 20 ఏళ్ల తర్వాత వచ్చే వ్యాధికి కారణాన్ని నిరూపించడం కష్టమవుతుంది.

అడగవలసిన ప్రశ్నలు

ప్రమాదం జరిగినప్పుడు ‘వెల్డింగ్ రవ్వ కారణం’ అన్న ప్రకటనతో విచారణ గానీ వార్త గానీ ముగియరాదు. రవ్వ పుడుతుందని అందరికీ ముందే తెలుసు. ఆ ట్యాంకులో అంతకు ముందు ఏమి నిలువ చేసినారు? చివరి వాయు పరీక్ష ఎన్ని గంటలకు, ఏ ఎత్తులో జరిగినది? క్రితం షిఫ్టు హోస్‌లు రాత్రి ఎక్కడ ఉన్నవి? ప్లేటుకు ఆవలివైపు ఎవరిని నిలిపినారు? ఆ సమయంలో పక్క గదికి ఇచ్చిన పర్మిట్ ఏ పనికి? అగ్నిమాపక నీటి లైనులో పీడనం ఉన్నదా? ఫైర్ వాచ్ పేరు పర్మిట్‌లో ఉన్నదా? అతనికి అప్పగించిన ఇతర పనులేవి? మరణించిన వారు ఎవరి జీతం జాబితాలో ఉన్నారు? ఈ ప్రశ్నలకు జవాబులు లభించినప్పుడే అసలు కారణం వెలుగులోకి వస్తుంది.

ఇవే ప్రశ్నలను ప్రమాదానికి ముందు, ఏదో ఒక మామూలు పని దినాన తనిఖీ అధికారి గానీ, యార్డు భద్రతాధికారి గానీ అడిగినట్లయితే సమాధానాలు అరగంటలో లభిస్తాయి. లభించని సమాధానం ఎక్కడ ఉన్నదో అక్కడ పని ఆపడమే నివారణ. ఆగిన పనిని మరునాడు కొనసాగించవచ్చును. ఆర్డర్లతో పాటు పనిచేసే చేతులు పెరుగుతున్న ఈ దశలో యార్డులు చేయవలసిన మొదటి పెట్టుబడి షిఫ్టుకు షిఫ్టుకు మధ్య ఆ కొద్ది నిమిషాల తనిఖీ మాత్రమే.